ఆకు తెలుసు, మోతాదు తెలియదు: విలియం విదరింగ్ కథ

ఊరూరా తిరిగి సరుకు అమ్ముకునే ఒక యార్క్‌షైర్ వర్తకుడికి ఆయాసం. అతని భార్యకు తమ ప్రాంతంలో వాడే నాటు మందు తెలుసు. ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క పచ్చి ఆకులు పెద్ద గుప్పెడు తెచ్చి, ఒక గ్లాసుడు నీళ్ళలో ఉడకబెట్టి, ఆ కషాయం మొగుడి చేతికిచ్చింది. అతను గడగడా తాగేశాడు. డాక్టర్ వచ్చి చూసేసరికి ఆగకుండా వాంతులు, చూపు మసక, నాడి నిమిషానికి 40. చావు దగ్గరదాకా వెళ్ళి ఎలాగో బయటపడ్డాడు. ఈ ఇల్లాలికి తన ఊరి మందు తెలుసు గాని దాని మోతాదు తెలియదని ఆ డాక్టర్ తరవాత రాసుకున్నాడు.

ఆ డాక్టర్ పేరు విలియం విదరింగ్. 1741లో ఇంగ్లండ్‌లో పుట్టి 1799లో పోయాడు. వృత్తి వైద్యం. దానితోపాటు వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం రెండింటిలోనూ ఆ కాలపు పెద్దల సరసన నిలిచాడు. గుండె జబ్బుకు ఇప్పటికీ వాడే డిజాక్సిన్ మాత్ర వెనక ఉన్నది ఈయన పనే. అయితే ఈయన గురించి ఎక్కడ చదివినా ఒకే కథ కనిపిస్తుంది. ఎవరో ముసలావిడ దగ్గర రహస్య మందు ఉందట, ఈయన దాన్ని సంపాదించి పేరు కొట్టేశాడట. కొందరు ఈ కథను నాటు వైద్యం గొప్పతనానికి రుజువుగా చెబుతారు, కొందరు డాక్టర్ల దొంగతనానికి. అసలు జరిగింది ఈ రెంటికంటే చిక్కుగా ఉంటుంది, ఆసక్తిగానూ ఉంటుంది.

విదరింగ్ తండ్రి ష్రాప్‌షైర్ జిల్లాలోని వెల్లింగ్టన్‌లో అపాతికరీ. అంటే మందులు నూరి అమ్ముతూ, వైద్యమూ చేసే మనిషి. కొడుకు ఎడిన్‌బరోలో చదివి 1766లో ఎం.డి. పట్టా తీసుకున్నాడు. అక్కడ వృక్షశాస్త్రం ప్రొఫెసర్ ఏటా బాగా కష్టపడిన విద్యార్థికి బంగారు పతకం ఇచ్చేవాడు. ఆ పతకం ఆశ చూపినా మొక్కల చదువు మీద తనకున్న విసుగు పోదని ఈ కుర్రాడు ఇంటికి ఉత్తరం రాశాడు. తరవాత కాలంలో బ్రిటన్ మొక్కల మీద ప్రామాణిక పుస్తకం రాసింది ఈయనే!

ఆ విసుగు పోగొట్టింది హెలెనా కుక్స్ అనే అమ్మాయి. స్టాఫర్డ్‌లో కొత్తగా ప్రాక్టీసు పెట్టిన విదరింగ్‌కు ఆమె మొదటి రోగుల్లో ఒకరు. పువ్వుల బొమ్మలు వేసేది. ఆమె బొమ్మల కోసం ఈయన పొలాల వెంట, చెరువు గట్ల వెంట తిరిగి మొక్కలు తెచ్చిచ్చేవాడు. 1772లో పెళ్ళి చేసుకున్నారు. మొక్కలు తేవడం మాత్రం ఆగలేదు. 1776లో రెండు సంపుటాల బ్రిటిష్ వృక్ష జాబితా వెలువడింది. మొక్కల్ని వర్గాలుగా విడదీసిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పద్ధతిలో, లాటిన్ రానివాళ్ళు కూడా మొక్కను గుర్తుపట్టేలా ఇంగ్లీషులో రాశాడు. పొలంలో నిలబడి పువ్వును విప్పి చూసుకోవడానికి, జేబులో పట్టే చిన్న మైక్రోస్కోపు కూడా తయారుచేశాడు.

ఒక్క విషయంలో మాత్రం ఈయన మరీ మొహమాటపడ్డాడు. లిన్నేయస్ మొక్కల్ని కేసరాల లెక్కన, అండకోశాల లెక్కన విడదీసి, వాటిని భార్యాభర్తల భాషలో వర్ణించాడు. ఆడవాళ్ళు చదివే పుస్తకంలో ఆ మాటలు బాగుండవని విదరింగ్ ఆ పదాలనే మార్చేశాడు. ఇది చూసి ఎరాస్మస్ డార్విన్ ఎగతాళి చేశాడు. పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్‌కు ఈయన తాత. ఆయనా డాక్టరే, ఆయనకూ మొక్కల పిచ్చి ఉంది. వీళ్ళిద్దరి గొడవ ముందు ముందు ముదురుతుంది.

నిజానికి విదరింగ్‌ను బర్మింగ్‌హామ్‌కు రమ్మన్నది ఈ డార్వినే. 1775లో అక్కడి డాక్టర్ స్మాల్ చనిపోతే, ఆ ప్రాక్టీసు ఖాళీగా ఉందని కబురు పెట్టాడు. అలా విదరింగ్ లూనార్ సొసైటీలో చేరాడు. ఆవిరి యంత్రం జేమ్స్ వాట్, ఫ్యాక్టరీ యజమాని బౌల్టన్, పింగాణీ వెడ్జ్‌వుడ్, ఆక్సిజన్ మీద పనిచేసిన ప్రీస్ట్‌లీ, వీళ్ళంతా నెలకోసారి పున్నమి దగ్గర్లో కలిసి భోంచేసి, మాట్లాడుకుని, వెన్నెల్లో ఇళ్ళకు వెళ్ళే గుంపు అది. వీధి దీపాలు లేని రోజులు కదా.

ఈ గుంపులో విదరింగ్ రసాయనశాస్త్రం వైపు మనిషి. స్టాఫర్డ్‌షైర్ సున్నపు మట్టిని పరీక్షించి రాయల్ సొసైటీకి వ్యాసం పంపాడు. స్వీడన్ శాస్త్రవేత్త బెర్గ్‌మాన్ ఖనిజశాస్త్ర పుస్తకాన్ని 1783లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. మరుసటి ఏడు లాంకషైర్‌లోని ఒక సీసం గనిలో దొరికిన, అసాధారణంగా బరువున్న రాయిని విశ్లేషించి, అది అప్పటికి తెలిసిన బరువు రాయి (బేరియం సల్ఫేటు) కాదని, వేరే పదార్థమని తేల్చాడు. అది బేరియం కార్బొనేట్. ఆయన పేరు మీదే విదరైట్ అంటున్నారు. ఈ తేడా ఎంత ముఖ్యమో చూడండి. ఎక్స్‌రే తీసేముందు ఆసుపత్రిలో తాగించే తెల్లటి బేరియం ద్రవం బేరియం సల్ఫేటు. నీళ్ళలో కరగదు, ఒంటికి పట్టదు, అందుకే ప్రమాదం లేదు. అదే బేరియం కార్బొనేట్ అయితే కడుపులోని ఆమ్లానికి కరిగి ప్రాణం తీస్తుంది. దాన్ని ఎలుకల మందుగా వాడేవారు. చూడ్డానికి రెండూ బరువైన తెల్లరాళ్ళే. ఏది ఏదో తేల్చాలంటే తూచాలి, కరిగించాలి, మిగిలింది మళ్ళీ తూచాలి. విదరింగ్‌కు ఈ అలవాటు ముందే ఉందన్నది గుర్తుంచుకుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది.

ఇప్పుడు ముసలావిడ సంగతి. 1775లో ఒక కుటుంబంలో వాడే మందు గురించి తన అభిప్రాయం అడిగారని విదరింగే రాశాడు. ష్రాప్‌షైర్‌లో ఒకావిడ దాన్ని చాలాకాలంగా రహస్యంగా ఉంచిందనీ, పెద్ద డాక్టర్లు వదిలేసిన రోగులకు కూడా అప్పుడప్పుడు నయం చేసిందనీ విన్నాడు. జబ్బు ఒంటికి నీరు పట్టడం. కాళ్ళు వాస్తాయి, పొట్ట ఉబ్బుతుంది, పడుకుంటే ఊపిరాడదు. ఆ మందులో ఇరవైకి పైగా మూలికలున్నాయి. తాగితే విపరీతంగా వాంతులు, విరేచనాలు. మొక్కలు తెలిసినవాడు కాబట్టి, ఇందులో పని చేసేది ఫాక్స్‌గ్లవ్ ఒక్కటేనని కనిపెట్టడం తనకు పెద్ద కష్టం కాలేదన్నాడు. వాంతుల హడావిడిలో, మందు మూత్రాన్ని జారీ చేస్తుందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదని కూడా గమనించాడు.

అంతే. ఆవిడ పేరు ఆయన ఎక్కడా రాయలేదు. ఆవిడను కలిశానని గాని, మందు కొన్నానని గాని రాయలేదు. ఇంటర్నెట్‌లో ‘మదర్ హటన్’ అని ఒక పేరు, చేతిలో ఆకులతో నిలబడ్డ ఆవిడ రంగుల బొమ్మ తిరుగుతుంటాయి. ఆ పేరు, ఆ బొమ్మ 1928లో పార్క్ డేవిస్ అనే అమెరికా మందుల కంపెనీ ప్రకటన నుంచి వచ్చాయి. డెనిస్ క్రిక్లర్ అనే గుండె డాక్టర్ 1985లో ఈ కల్పనను బయటపెట్టాడు. ప్రకటనకు ఒక ముఖం, ఒక పేరు కావలసి వచ్చాయి, పుట్టించారు. మనం దాన్ని చరిత్ర అనుకున్నాం.

మొక్క కూడా కొత్తది కాదు. జర్మన్ వైద్యుడు ఫుక్స్ 1542లోనే దానికి డిజిటాలిస్ అని పేరు పెట్టాడు. పువ్వు కుట్టుపనిలో వేలికి తొడుక్కునే టోపీలా ఉంటుంది, లాటిన్‌లో వేలికి సంబంధించిన మాట అది. పుండ్లకు, మూర్ఛకు, కఫానికి, దేనికంటే దానికి వాడారు. లండన్ వైద్యుల అధికారిక మందుల జాబితాలో చేర్చారు, తీసేశారు, మళ్ళీ చేర్చారు. కాబట్టి విదరింగ్ ఫాక్స్‌గ్లవ్‌ను కనిపెట్టాడనే మాట తప్పు. మరి ఆయన చేసిందేమిటి?

బీదలకు ఆయన రోజూ ఒక గంట ఉచితంగా చూసేవాడు. ఏడాదికి రెండు మూడు వేల మంది వచ్చేవారు. వాళ్ళలో నీరు పట్టిన రోగులకు ఈ ఆకు ఇవ్వడం మొదలుపెట్టాడు. మొదట్లో తానూ మోతాదు మించి ఇచ్చాననీ, అవసరానికి మించి కొనసాగించాననీ ఒప్పుకున్నాడు. ఈ రోజు చదువుతుంటే ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే ఆ తొలి పాఠాలు డబ్బు లేనివాళ్ళ ఒంటి మీద నేర్చుకున్నవి. ఆ కాలంలో అందరు వైద్యులూ చేసింది అదే అన్నది నిజమే గాని, అంతమాత్రాన ఇబ్బంది తగ్గదు.

మందు బలం ఎందుకు నిలకడగా లేదన్నది ఆయన పట్టుకున్న మొదటి చిక్కు. ఫాక్స్‌గ్లవ్ రెండేళ్ళ మొక్క. మొదటి ఏడు నేలను అంటుకుని ఆకులే వేస్తుంది, రెండో ఏడు పొడుగాటి కాడ లేచి పూస్తుంది. ఆకులో సారం కాలాన్ని బట్టి మారుతుంది. వేరు ఇంకో రకం. కషాయం కాస్తే ఎంతసేపు మరిగింది, ఎన్ని నీళ్ళు పోశారు అన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఇవన్నీ పక్కన పెట్టి ఆయన ఒకటే నియమం పెట్టుకున్నాడు: పూత మొదలయ్యే రోజుల్లో కోసిన ఆకు, ఎండబెట్టి కొట్టిన పొడి. పెద్దవాళ్ళకు ఒకటి నుంచి మూడు గ్రెయిన్లు, రోజుకు రెండుసార్లు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. మన కంసాలి లెక్కలో చెప్పాలంటే, అరగురిగింజ ఎత్తు నుంచి గురిగింజన్నర ఎత్తు. (గురిగింజ కూడా విషమే అనుకోండి.) అంటే గుప్పెడు ఆకుల నుంచి గురిగింజ ఎత్తుకు వచ్చాడు. ఇది వృక్షశాస్త్రం తెలియనివాడు చేయలేడు, తూకం అలవాటు లేనివాడూ చేయలేడు.

రెండోది ఎప్పుడు ఆపాలన్న నియమం. మందు మూత్రపిండాల మీదో, కడుపు మీదో, నాడి మీదో, పేగుల మీదో పనిచేసేదాకా ఇవ్వు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆపెయ్. వాంతులైతేనే మందు పట్టిందనుకునే కాలంలో ఇది పూర్తిగా ఎదురు మాట. మోతాదు మించితే ఏమవుతుందో కూడా వరసగా రాశాడు: వికారం, వాంతులు, తల తిరగడం, వస్తువులు పచ్చగానో పసుపుగానో కనిపించడం, నాడి 35 దాకా పడిపోవడం, చల్లటి చెమటలు, మూర్ఛ, చావు. ఈ జాబితాను ఇప్పటి ఫార్మకాలజీ పాఠంలో పెట్టినా పెద్దగా మార్చాల్సింది ఉండదు.

పదేళ్ళు పట్టింది. 1785లో పుస్తకం వేశాడు. తొందరపెట్టింది కీర్తి కాంక్ష కాదు, భయం. ఎడిన్‌బరో మందుల జాబితాలో 1783లో ఫాక్స్‌గ్లవ్ చేరింది. చూసినవాళ్ళు చూసినట్టు పెద్ద మోతాదుల్లో ఇచ్చి, మనుషుల్ని చంపి, ఆఖరికి మందు మీదే నింద వేసి మూల పడేస్తారని ఆయన గుబులు. అందుకే పుస్తకంలో తాను ఆ మందు ఇచ్చిన ప్రతి రోగి వివరమూ పెట్టాడు, సుమారు 160 మంది. బాగుపడినవాళ్ళనే ఏరి చూపించడం తేలికనీ, తనకు పేరు కూడా వచ్చేదనీ, కాని సత్యం దానికి ఒప్పుకోదనీ ముందుమాటలో అన్నాడు. చనిపోయినవాళ్ళున్నారు, మందు పని చేయనివాళ్ళున్నారు, ఇవ్వకుండా ఉండాల్సిందని తానే అనుకున్నవాళ్ళూ ఉన్నారు. నా లెక్కలో విదరింగ్ గొప్పతనమంతా ఈ ఒక్క నిర్ణయంలో ఉంది. నాటు వైద్యుడైనా కార్పొరేట్ డాక్టరైనా, బాగుపడిన రోగి వీడియోనే చూపిస్తారు తప్ప మిగతావాళ్ళ సంగతి చెప్పరు.

డార్విన్ గొడవ ఇక్కడే ముదిరింది. 1776లో వాళ్ళిద్దరూ కలిసి చూసిన ఒక రోగికి విదరింగ్ సలహాతో ఫాక్స్‌గ్లవ్ ఇచ్చారు. డార్విన్ కొడుకు, ఇంకో చార్లెస్, మెడిసిన్ చదువుతూ 1778లో చనిపోయాడు. 1780లో తండ్రి ఆ అబ్బాయి సిద్ధాంత వ్యాసాన్ని అచ్చు వేయిస్తూ, చివర ఫాక్స్‌గ్లవ్ కేసులు చేర్చాడు. విదరింగ్ పేరు లేదు. 1785లో అదే విషయం మీద లండన్‌లో ఇంకో వ్యాసం చదివించాడు, అందులోనూ లేదు. ఆ తరవాత ఇద్దరి మధ్యా స్నేహం మిగల్లేదు. ముందు అచ్చు వేసింది డార్వినే. కాని ముందు వాడింది, మోతాదు తేల్చింది విదరింగ్. ఇప్పటికీ ఎవరైనా డార్విన్ పక్షం పట్టుకుంటే, వాళ్ళు తేదీలు చూసి మాట్లాడుతున్నారు గాని పుస్తకాలు తెరిచి కాదు.

అయితే విదరింగ్‌కు తన మందు ఎలా పనిచేస్తుందో తెలుసా? తెలియదు. దాన్ని ఆయన మూత్రం జారీ చేసే మందనే అనుకున్నాడు. నీరు పట్టడానికి అసలు కారణం చాలామందిలో బలహీనపడిన గుండె అని అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు. గుండె పంపు సరిగా కొట్టకపోతే రక్తం వెనక్కి తన్ని, నీరు కాళ్ళలోకి, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. కానీ ఈ ఆకుకు గుండె కదలిక మీద ఇంతవరకు మరే మందులోనూ చూడనంత పట్టు ఉందనీ, ఆ పట్టును మంచికి వాడుకోవచ్చనీ ఒక వాక్యం రాశాడు. ఇంకో చోట, నాడి బలహీనంగానో, మధ్యమధ్యలో తప్పుతూనో ఉండి, మొహం పాలిపోయినవాళ్ళకు ఇది బాగా పని చేస్తుందనీ, ఎర్రగా దిట్టంగా ఉండి నాడి గట్టిగా కొట్టేవాళ్ళకు చేయదనీ అన్నాడు. నాడి తప్పుతూ ఉండటమంటే ఇప్పుడు మనం ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ జబ్బు అయ్యుండొచ్చు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జేమ్స్ మెకంజీ అనే డాక్టర్ ఈ జబ్బులోనే డిజిటాలిస్ బాగా పనికొస్తుందని చూపించాడు.

లోపల జరిగేది ఇది. మన కణం గోడలో ఒక పంపు ఉంటుంది. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో దీన్ని కనిపెట్టాడు, 1997లో నోబెల్ వచ్చింది. ఫాక్స్‌గ్లవ్‌లోని పదార్థం ఈ పంపును పాక్షికంగా అడ్డుకుంటుంది. దాంతో కణంలో సోడియం పెరుగుతుంది. సోడియంను లోపలికి తీసుకుని కాల్షియంను బయటికి పంపే ఇంకో ద్వారం అప్పుడు మందగిస్తుంది. కాల్షియం లోపలే ఉండిపోతుంది. గుండె కండరం బిగుసుకోవడానికి కావలసింది కాల్షియమే కాబట్టి, గుండె కొంచెం గట్టిగా కొడుతుంది. మరోవైపు మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం ద్వారా గుండె వేగం తగ్గుతుంది. రక్తం మూత్రపిండాలకు సరిగా అందగానే నీరు దిగిపోతుంది. విదరింగ్ చూసింది ఈ ఆఖరి మెట్టు.

మరి విషం ఎక్కడుంది? అదే పంపులో. కొంచెం అడ్డుకుంటే మందు, ఇంకొంచెం ఎక్కువ అడ్డుకుంటే కాల్షియం మితిమీరి గుండె లయ తప్పుతుంది. మందుకూ విషానికీ మధ్య గోడ లేదు, గీత మాత్రమే ఉంది. మన పెరట్లో గన్నేరు, పచ్చ గన్నేరు చేసేది కూడా ఈ పనే, ఇదే పంపు మీద. గన్నేరు పప్పు విషమని మన ఊళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ పదార్థాలు ఫాక్స్‌గ్లవ్ పదార్థాలకు దగ్గరి చుట్టాలు. ఎంత దగ్గరంటే, డిజాక్సిన్ విషానికి తయారుచేసిన యాంటీబాడీలు పచ్చ గన్నేరు విషానికి కూడా పనిచేస్తాయని శ్రీలంకలో జరిగిన పరీక్ష 2000లో తేల్చింది. ఆ విరుగుడు ఖరీదు పల్లెటూరి ఆసుపత్రికి అందేది కాదన్నది వేరే బాధ.

విదరింగ్ భయపడిందే జరిగింది. 1800 ప్రాంతంలో డాక్టర్లు ఫాక్స్‌గ్లవ్‌ను క్షయకు, జ్వరాలకు, పిచ్చికి కూడా ఇచ్చారు, మోతాదు నియమాన్ని గాలికి వదిలేశారు. మందు చెడ్డపేరు తెచ్చుకుంది. ఆయన అప్పటికే పోయాడు. బతికుండగా, ఊపిరితిత్తుల జబ్బుతో చలికాలాలు గడపడానికి పోర్చుగల్ వెళ్ళాడు. అక్కడా ఊరుకోలేదు, కాల్దాస్ ద రైన్యా వేడినీటి బుగ్గ నీళ్ళను విశ్లేషించి లిస్బన్ అకాడమీకి ఇచ్చాడు. 1791 బర్మింగ్‌హామ్ అల్లర్లలో ప్రీస్ట్‌లీ ఇల్లు తగలబెట్టిన మూక విదరింగ్ ఉంటున్న ఎడ్జ్‌బాస్టన్ హాల్ మీదికీ వచ్చింది గాని, సైన్యం రావడంతో బతికిపోయాడు. ఇంటిపేరుకు ఇంగ్లీషులో వాడిపోవడమనే అర్థం ఉంది. చివరి రోజుల్లో మిత్రులు ‘వైద్యమనే పువ్వు వాడిపోతోంది’ అని శ్లేషగా అనుకున్నారట. 1799 అక్టోబరు 6న పోయాడు.

ఆకు పొడి స్థానంలో శుద్ధమైన పదార్థం రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1930లో సిడ్నీ స్మిత్ అనే రసాయనశాస్త్రవేత్త ఊలు ఫాక్స్‌గ్లవ్ అనే ఇంకో జాతి నుంచి డిజాక్సిన్‌ను వేరుచేశాడు. 1997లో 6,800 మంది గుండె రోగుల మీద జరిగిన పెద్ద పరీక్షలో డిజాక్సిన్ మరణాలను తగ్గించలేదు, ఆసుపత్రిలో చేరాల్సిన అవసరాన్ని మాత్రం తగ్గించింది. ఆ తరవాత కొత్త మందులు వచ్చి దీన్ని వెనక్కి నెట్టాయి. ఇప్పుడు గుండె లయ తప్పినవాళ్ళకు, వేరే మందులతో కుదరనివాళ్ళకు ఎక్కువగా రాస్తారు.

అలా రాసిన మాత్ర సాధారణంగా 0.25 మిల్లీగ్రాములు. మూత్రపిండాలు మందగించిన వయసు మళ్ళినవాళ్ళకు అందులో సగం కూడా ఎక్కువ కావచ్చు, ఎందుకంటే మందు బయటికి పోయేది వాటి ద్వారానే. నీరు తీసే మాత్రలతో పొటాషియం తగ్గితే అదే డోసు విషమవుతుంది. రక్తంలో మందు ఎంతుందో కొలిచే పరీక్ష ఉంది. అయినా ఆసుపత్రిలో ఈ మాత్ర చేతిలో పెట్టేముందు నర్సు నాడి చూస్తుంది, 60 కన్నా తక్కువుంటే ఆపి డాక్టర్‌కు చెబుతుంది. వికారంగా ఉందా, చూపు పచ్చగా కనిపిస్తోందా అని అడుగుతుంది.